మతములవారి ఆటలో మన నాయుడుగారు

ఆటకు మతమేమి యని మీరడుగవచ్చును. బొంబాయి నగరమున అర్ధశతాబ్దికి పైగా మతమును బట్టియే క్రికెట్టు జట్టులు ఏర్పడుచుండెను. 1892లో దొరలకును పారసీకులకును నడుమ ఈ పోటీ మొదలయ్యెను. 1907లో హిందువులు, 1912లో మహమ్మదీయులు చేరిరి. 1937లో 'ఇతరులు' అను పేర ఐదవ జట్టు వచ్చెను. దేశీయ క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు అందరును ఆ పేరు క్రిందనే ఆడవలెను. తరతరములుగా కొంకణ తీరమున నివసించుచున్న యూదునకును అచ్చట సొంత పేరు లేదు. 'ఇతరులు' అను ఆ మాట నాకు ఏనాడును రుచింపలేదు.

ఇట్టి కాలమున పేరుగాంచినవారు మన తెలుగువారైన కొట్టారి కనకయ్య నాయుడుగారు. వీరు 1895 అక్టోబరు 31న నాగపురమున జన్మించిరి. 1916లో హిందువుల పక్షమున దొరలపై తొలిసారి ఆడిరి. 1926 డిసెంబరు 1న, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపుగనే 153 పరుగులు తీసిరి. అందు సిక్సరులే 11. ఆ ఆట జరిగిన బొంబాయి జింఖానాలో భారతీయులకు సభ్యత్వమే లేదు! లోనికి రానీయని గడప ముంగిటనే మనవాడు బంతిని ఆకాశమున కెగురగొట్టెను.

అయితే దొరలను మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. హిందువుల జట్టులోనే మరియొక గోడ యుండెను. చర్మకార కులజుడైన పల్వంకర్ బాలూ తన బౌలింగుచే జట్టును గెలిపించుచుండగా, పూనాలో ఆయనకు తేనీరు పెవిలియను వెలుపల మట్టిపాత్రలో నిచ్చిరి. 1911లో ఇంగ్లండున 114 వికెట్లు పడగొట్టిన ఆ మహానుభావునకు హిందువుల నాయకత్వము దక్కలేదు. ఆయన తమ్ముడు విఠలునకు మాత్రము 1923లో దక్కెను. ఆ యేట హిందువులే గెలిచిరి. వానలు లేని యేట మా యనంతపురపు సీమలో ఎండిన చెరువే పిల్లలకు ఆటబయలు. ఊరి వెలుపలి వాడ బాలునిచే బంతి వేయించుకొని, దప్పికగొన్నప్పుడు వానిని కుండ ముట్టనీయక దోసిట నీళ్లు పోయుట నేను కన్నులార చూచినవాడను. కావున పూనా మాట నాకు దూరదేశపు కథగా తోచదు.

ఇక 1932. భారతదేశపు మొదటి టెస్టు, లార్డ్సు మైదానము. దళనాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన తాను తప్పుకొని నాయుడుగారికి పగ్గములిచ్చెను. జమీందారులు కాని నాయకుని క్రింద ఆడుటకు కొందరు గొణిగిరట. ఆనాటి పదునొకండుగురను లెక్కింపుడు: హిందువులు నలుగురు, మహమ్మదీయులు నలుగురు, పారసీకులు ఇద్దరు, సిక్కు ఒక్కడు. మహమ్మదు నిస్సారు ఇంగ్లండు తొలి ఆటగాండ్రనిద్దరిని పడగొట్టెను. మూడవవాని ఔటు లాల్‌సింగు చేతి విసరుచే కలిగెను. 19 పరుగులకే మూడు వికెట్లు! చివరకు 158 పరుగులతో మనవారు ఓడిరి. చేతికి గాయమైనను నాయుడుగారు మొదటి ఇన్నింగ్సున 40 పరుగులు చేసిరి.

ఇంత జరిగినను బొంబాయిలో పాతపోటీ ఆగలేదు. 1940లో గాంధీజీ దానిని మానుడని చెప్పిరి. 1946 వరకు సాగెను.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ యేడే ఆంధ్రజట్టు రంజీపోటీలలో తొలిసారి అడుగిడెను. దానికి నాయకుడుగా నిలిచినవారు ఏబదియెనిమిదేండ్ల మన నాయుడుగారే.