షికాగో ధరకు ఎంత తక్కువ?

అయోవాలోనో ఇల్లినాయ్‌లోనో మొక్కజొన్న రైతును ధర ఎలా ఉందని అడిగితే, చాలాసార్లు "డిసెంబరుకి ముప్పై తక్కువ" అంటాడు. షికాగో వాయిదా మార్కెట్లో డిసెంబరు ధర బుషెల్‌కు 4.50 డాలర్లుంటే, ఊళ్లో ధాన్యం కొని నిలవచేసే ఎలివేటరు ఇచ్చేది 4.20 అన్నమాట. మొక్కజొన్నలో బుషెల్ అంటే 56 పౌన్లు, సుమారు 25 కిలోలు. ఆ ముప్పై సెంట్ల తేడా పేరు బేసిస్. పత్రికలకెక్కేది షికాగో అంకె. అప్పు తీరుతుందా లేదా తేల్చేది ఈ తేడా. నూట డెబ్భై ఏళ్లుగా అక్కడి రైతులు గట్టిగా పోరాడింది కూడా దీని మీదే.

తేడా పుట్టాలంటే ముందు అందరూ ఒప్పుకునే ఒక ధర పుట్టాలి. 1840ల దాకా ధాన్యం గోనె సంచుల్లో కదిలేది. ఏ సంచి ఎవరిదో చివరిదాకా తెలిసేది. కొనేవాడు గింజ చూసి బేరమాడేవాడు. 1842లో బఫెలో రేవులో జోసెఫ్ డార్ట్ ఆవిరి యంత్రంతో నడిచే ఎలివేటరు కట్టాడు. ఆ పద్ధతి షికాగోకు చేరాక సంచులు పోయి, అందరి గింజలూ ఒకే గాదెలో కలిశాయి. అలా కలిసిపోయిన సరుకుకు గ్రేడు తప్ప వేరే గుర్తు మిగల్లేదు. 1848లో ఏర్పడిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1856 నుంచి గోధుమకు గ్రేడులు నిర్ణయించసాగింది. సరుకు కంటపడకుండానే రసీదు చేతులు మారడం మొదలైంది. ఇల్లినాయ్ నదిని మిచిగాన్ సరస్సుతో కలిపిన కాలువ, టెలిగ్రాఫు, తొలి రైలు కూడా ఆ నగరానికి 1848లోనే వచ్చాయి. ఇన్ని ఒకే ఏడాది కూడిరావడం చరిత్రలో అరుదు.

నది ఒడ్డు వ్యాపారులది వేరే చిక్కు. శీతాకాలంలో రైతుల దగ్గర మొక్కజొన్న కొంటారు, కానీ నది గడ్డకట్టి ఉంటుంది. వసంతం దాకా సరుకు మీద డబ్బు ఇరుక్కుంటుంది, ధర పడితే మునుగుతారు. అందుకే ముందుగానే షికాగోలో అమ్ముకునేవారు. అలాంటి ఒప్పందాల్లో తొలిదిగా చెప్పేది 1851 మార్చి 13 నాటిది: 3,000 బుషెల్స్ జూన్‌లో అప్పగించాలి, ధర ఆ రోజు రేటుకు ఒక సెంటు తక్కువ. ఈ రోజు ధర, రేపటి సరుకు, మధ్య కోత అన్నీ అందులోనే ఉన్నాయి. 1865లో బోర్డు ఒప్పందాల పరిమాణానికి, గ్రేడుకు, అప్పగింతకు ఒకే రకం నియమాలు పెట్టడంతో నేటి వాయిదా ఒప్పందాలు, అంటే ఫ్యూచర్స్, రూపుకట్టాయి.

కోత ఎంతన్నది ఎవరు నిర్ణయించాలి? 1870ల నాటికి షికాగోలో పద్నాలుగు పెద్ద ఎలివేటర్లుండేవి, వాటిని నడిపేది తొమ్మిది సంస్థలు. నిలవ రుసుము తమలో తాము మాట్లాడుకుని ఏటా జనవరిలో పత్రికల్లో వేయించేవి. రైతు ఉద్యమం వేడిలో ఉన్న ఇల్లినాయ్ 1871లో చట్టం చేసి, మొదటి ముప్పై రోజులకు బుషెల్‌కు రెండు సెంట్లు మించకూడదంది. ఎలివేటర్లు నడిపే మన్ అండ్ స్కాట్ సంస్థ ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేసింది. 1877లో సుప్రీంకోర్టు ప్రజలందరికీ అవసరమైన వ్యాపారాన్ని ప్రభుత్వం అదుపు చేయవచ్చని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివే ఈ కేసు అసలు రెండు సెంట్ల బేసిస్ తగువు!

పల్లెల్లో చట్టం అంత పని చేయలేదు. రైల్వే స్టేషను పక్కన ఒకే ఎలివేటరుంటే అది చెప్పిందే ధర. 1889లో అయోవాలోని రాక్‌వెల్ రైతులు సహకార ఎలివేటరు పెట్టుకున్నారు. పోటీదారు ఎక్కువ ధర ఆశచూపి సభ్యులను లాక్కుంటాడని ముందే ఊహించి ఒక నిబంధన రాసుకున్నారు: బయట అమ్ముకున్నా సంఘానికి కొంత రుసుము కట్టాలి. ఎదుటివాడు ధర పెంచిన కొద్దీ సంఘం బతికింది. ఇంత తెలివైన నిబంధన సహకారోద్యమ చరిత్రలో నాకు మరొకటి కనబడలేదు.

తేడాకు సిద్ధాంతం ఇచ్చినవాడు స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన హాల్‌బ్రుక్ వర్కింగ్. ఫ్యూచర్స్ ధర, చేతిలోని సరుకు ధరల మధ్య అంతరం నిలవ ఉంచినందుకు మార్కెట్ ఇచ్చే కూలి అని 1949లో రాశాడు. కోతల వేళ తేడా పెరుగుతుంది, గాదె కట్టుకున్నవాడికి ఎండాకాలానికి తగ్గుతుంది. ఈ లెక్క రైతులకు నేర్పింది విశ్వవిద్యాలయాల విస్తరణ సేవలు. ఫ్యూచర్స్ అమ్మితే షికాగో అంకె ఖాయమై తేడా తెరిచి ఉంటుంది; బేసిస్ కాంట్రాక్టులో దానికి తలకిందులు.

మన దగ్గర ఈ లెక్క నిజామాబాద్ పసుపు రైతుకు తెలుసు. సరుకుల వాయిదా మార్కెట్ ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు కాంట్రాక్టుకు ఆ ఊరే ఆధార కేంద్రం. వరి రైతుకు అలాంటి బోర్డు లేదు. బాస్మతి కాని వడ్లతో సహా ఏడు సరుకుల వాయిదా వ్యాపారాన్ని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 డిసెంబరులో ఆపేసింది. వరి రైతు పోల్చుకునేది మద్దతు ధరతో. అక్కడ తేడా తేమ శాతంలో, తరుగులో దాక్కుంటుంది.

షికాగో పద్ధతి కూడా తడబడింది. 2008లో గోధుమ ఫ్యూచర్స్, గడువు తీరే నాటికి కూడా, నిజమైన సరుకు ధరకన్నా డాలరు పైగా ఎక్కువలో నిలిచాయి. రెండూ కలవాల్సిన చోట కలవకపోతే ఫ్యూచర్స్ రక్షణ ఎవరికీ పనికిరాదు. ఇండెక్స్ ఫండ్ల డబ్బే కారణమంది సెనేట్ ఉపసంఘం. ఒప్పందంలో నిలవ రుసుము మరీ తక్కువగా బిగించడమే కారణమన్నారు కొందరు ఆర్థికవేత్తలు. మార్కెట్‌ను బట్టి మారే రుసుము 2010లో వచ్చాక అంతరం తగ్గింది కాబట్టి రెండో వాదనే నాకు బలంగా తోస్తుంది.

2005 ఇంధన చట్టం తర్వాత మొక్కజొన్నకు పటమే మారింది. నదికి దూరమైనందుకు ఎప్పుడూ ఎక్కువ కోత భరించిన అయోవా పల్లెల్లో ఇథనాల్ కర్మాగారాలు లేచి, గింజను ఊళ్లోనే కొనడం మొదలుపెట్టాయి. 2022 శరత్తులో మిసిసిపీ నీళ్లు అడుగంటి పడవల కిరాయి రికార్డు స్థాయికి చేరినప్పుడు, నది ఒడ్డు ఎలివేటర్లు కొనుగోలు ధర కోసేశాయి. అదే నెలల్లో కరువు పడ్డ నెబ్రాస్కా, కేన్సస్‌లలో పశువుల దాణాకు గింజ చాలక షికాగో కన్నా ఎక్కువే ఇచ్చారు. నది పక్క రైతుల్లో గాదెలున్నవాళ్లు సరుకు ఆపుకోగలిగారు. లేనివాళ్లు ఎలివేటరు చెప్పిన ధరకే లారీలు దించారు.