దివిటీ పట్టిన చేయి

సంగీత సభల్లో వేదిక అంచున బారెడు మంటలు ఎగసి చప్పున ఆరిపోవడం ఇప్పుడు ఒక వేడుక. ఆ యంత్రంలోని పంపు ద్రవ ఇంధనాన్ని సన్నని రంధ్రం గుండా తుంపరగా చిమ్ముతుంది. నిప్పురవ్వ దానిని అంటిస్తుంది. ఇంధనం ఎంత సూక్ష్మంగా చీలితే అంత వేగంగా గాలితో కలిసి మండుతుంది. రహస్యమంతా ఇంతే. ఇది మన భాగవతులకు పంపు లేకుండానే తెలుసు.

గుగ్గిలపు గడ్డను దివిటీ మీద పెడితే పొగలు కక్కుతూ మెల్లగా కరుగుతుంది. దానినే మెత్తగా దంచి, జల్లించి, గుప్పెడు పొడిని మంట మీదికి విసిరితే భగ్గుమంటుంది. కూచిపూడివారి పాత్రప్రవేశాలలో ఈ మంట ప్రసిద్ధం. ఐరోపా రంగస్థలం మీద లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాల పొడిని ఇలాగే వాడేవారు. మా నాగర్‌కర్నూలు వైపు వీథిభాగవతంలో, ఇద్దరు పట్టిన తెర వెనుక హిరణ్యకశిపుడు గజ్జెల కాలితో నేలను తన్నుతుండగా ఆ మంట లేచేది. ముందు వరుసలోని పిల్లలం ఒకరి మీద ఒకరం పడేవాళ్ళం.

2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆముదపు పంటకు పేరుపడ్డ నేల. దివిటీ నూనెకు కొదువ లేదు. కొదువ అంతా దివిటీ పట్టినవాని మర్యాదకే. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పండితులకు వార్షికాలిచ్చి పోషించాయి. గద్వాలకు విద్వద్గద్వాల అనే కీర్తి అలాగే వచ్చింది. దివిటీ పట్టడమో, హైదరాబాదు రాజ్యపు పల్లెల్లో చాకలివారి మీద మోపిన వెట్టిపనుల్లో ఒకటి. మా ఊరి దివిటీ తాతకు కుడి ముంజేయి నిండా కాలిన మచ్చలే. అడిగితే, "ఇసిరేటోని చెయ్యి వాటమైతే ఆటకు పేరొస్తది బిడ్డా, తప్పితే నా చెయ్యి కాల్తది" అన్నాడు.

తరువాత పెట్రోమాక్సు వచ్చింది. గ్యాసులైటు అనేవాళ్ళం గాని అందులో ఉన్నది కిరసనాయిలే. చేతిపంపుతో ట్యాంకులో గాలి నింపితే ఆ ఒత్తిడికి నూనె వేడిగొట్టంలోకి ఎక్కి, ఆవిరై, మాంటిల్‌ను తెల్లగా వెలిగిస్తుంది. ఆ తెల్లని వెలుగులో అర్దళం పూసిన ముఖాలు వెలవెలబోయాయి; రాక్షసుడు ఊరి మనిషిలాగే కనబడ్డాడు. దివిటీని ఆర్పినది ఒక పంపు, మంటను వేదిక మీదికి తిరిగి తెచ్చినది మరొక పంపు కావడం విచిత్రమే.

మనిషి చేతిలోనుండి తప్పించినంత మాత్రాన నిప్పు సాధువు కాలేదు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, ఒక నైట్‌క్లబ్బు వేదిక మీద కాల్చిన బాణసంచా గోడల నురుగుపొరకు అంటుకొని 100 మంది చనిపోయారు. అయినా, కళ మీద ఎంత మమకారమున్నా, ఆ ముంజేయి గుర్తుకొస్తే పెట్రోమాక్సును నిందించలేను. అది వచ్చిన ఏడాది తాత జనంలో కూర్చొని, తెల్లవారేదాకా ఆట చూశాడు. అంతకుముందు ఆయన చూపంతా గుగ్గిలం విసిరే చేతి మీదే ఉండేదట.