నీళ్లకింద విజయపురి

మొన్నామధ్య మా టీంలో ఒకబ్బాయి పెరూ, బొలీవియా తిరిగొచ్చి లంచ్ టైంలో ఫోటోలు చూపించాడు. సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు, దాని మధ్యలో 'సూర్యుడి దీవి'. ఇంకా జాతి వాళ్ల నమ్మకం ప్రకారం సూర్యుడు పుట్టిందే అక్కడట. దీవి నిండా వాళ్ల రాతి శిథిలాలు. అందరం నోరెళ్లబెట్టి చూశాం. చివర్లో నావైపు తిరిగి, "మీ ఆంధ్రాలో ఇలాంటిదేమైనా ఉందా బాస్?" అన్నాడు.

"ఎందుకు లేదు, మా గవర్నర్‌పేట నుంచి పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి లాంచీలో ఉంటావు" అన్నాను గొప్పగా. అన్నానేగానీ, నేను నాగార్జునకొండ చూసింది ఆరో తరగతి ఎక్స్‌కర్షన్‌లో. గుర్తున్నదల్లా పులిహోర పొట్లం, లాంచీలో ఒకడికి వాంతులు :) సిగ్గేసి, సెలవుకి ఇంటికెళ్లినప్పుడు మళ్లీ వెళ్లొచ్చాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. మనది టిటికాకా అంత ఎత్తున లేదు. సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు, అంతే. పైగా అది ప్రకృతి చేసిన దీవీ కాదు. మా తాతగారి కాలంలో అది మామూలు కొండ. చుట్టూ నల్లమల గుట్టలు, మధ్యలో లోయ, పక్కన కృష్ణ. డ్యాం కట్టాక లోయ నిండి, కొండ నెత్తి మాత్రం పైకి మిగిలింది. ఇప్పుడు మనం లాంచీ దిగేది ఆ నెత్తిమీదే.

మరి లోయలో ఏముంది? ఒక రాజధాని ఉంది. శాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. నాలుగు తరాల రాజులు, సుమారు వందేళ్లు. వంశం మొదలుపెట్టిన శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సొంత చెల్లెలు శాంతిశ్రీ మాత్రం అక్కడి మహాచైత్యానికి మహాదాత. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో వేయించిన స్తంభ శాసనాలు ఆ సంగతి చెబుతాయి. అన్నది యజ్ఞం, చెల్లెలిది బౌద్ధం, ఊరు ఒక్కటే. అక్కడి బౌద్ధ నిర్మాణాల్లో చాలావాటికి దానాలిచ్చింది రాజవంశపు ఆడవాళ్లూ, మామూలు ఉపాసికలూనూ.

ఆ ఉపాసికల్లో బోధిశ్రీ అనే ఆవిడ శాసనం నాకు బాగా నచ్చింది. సింహళం నుంచి వచ్చిన థేరవాద భిక్షువుల కోసం ఆవిడ ఒక చైత్యగృహం కట్టించింది. వాళ్లు ఏయే దేశాల్లో ధర్మాన్ని వ్యాపింపజేశారో పేర్లు చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ, తామ్రపర్ణి... పల్నాటి లోయలో ఒక గృహిణికి ఆ రోజుల్లోనే ఇంత ప్రపంచం తెలుసు. మనం ఆన్‌సైట్ వెళ్లొచ్చి చేసే హడావుడి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇక ఆచార్య నాగార్జునుడి సంగతి. ఆయన శ్రీపర్వతం మీద ఉన్నాడన్నది సంప్రదాయం. ఈ కొండల్ని శ్రీపర్వతం అన్నట్టు ఇక్కడి శాసనాల్లో ఉంది. కానీ ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు కనిపించదు. కొండకి ఆ పేరు తర్వాతి కాలంలో వచ్చింది. కాబట్టి గైడు చెప్పినవన్నీ కళ్లుమూసుకుని నమ్మెయ్యకండి.

ఆ తర్వాత శతాబ్దాల తరబడి ఈ ఊరిని అందరూ మర్చిపోయారు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. మరుసటి ఏడాది నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. తీరా ఇంతా బయటపడ్డాక తెలిసిందేమిటంటే, ఆ లోయ మొత్తం డ్యాం కింద మునిగిపోతుందని.

ఇక్కడి నుంచి కథ మన ప్రాజెక్టుల్లాగే ఉంటుంది. డెడ్‌లైన్ ఫిక్సు, పొడిగించే ప్రసక్తి లేదు, ఎందుకంటే క్లయింటు కృష్ణానది. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ తవ్వకాలు మొదలయ్యాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకి శంకుస్థాపన చేశారు. 1960కల్లా వందకి పైగా చోట్ల తవ్వి, రాతియుగం నుంచి మధ్యయుగం దాకా దొరికినవన్నీ నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాల్ని కొన్నిటిని కొండమీద, కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి కట్టారు. ఇటుక మెట్ల వరసలతో స్టేడియంలా ఉండే రంగస్థలాన్ని ఇవాళ అనుపులోనే చూడాలి. కొండమీద మ్యూజియం 1966లో తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. అదే దశాబ్దంలో ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లని కోసి పైకి తరలిస్తే ప్రపంచమంతా చెప్పుకుంది. మనవాళ్లు చేసింది మనకే తెలీదు.

అన్నీ బాగా జరిగాయని మాత్రం అనను. ఆ తవ్వకాల రిపోర్టు మొదటి సంపుటం 1975లో వచ్చింది. అసలు విజయపురి గురించి చెప్పే రెండో సంపుటం వచ్చింది 2006లో. తవ్వకం ఆగిన 46 ఏళ్లకి! మనం కోడ్ రాసి డాక్యుమెంటేషన్ ఎగ్గొడితే మళ్లీ వెళ్లి కోడ్ చూసుకోవచ్చు. ఇక్కడ వెళ్లి చూడ్డానికి స్థలమే లేదు. రాసుకున్న కాగితాలే మిగిలిన ఊరు.

లాంచీలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. మనవరాలికి నీళ్లవైపు వేలు చూపించి ఏదో చెప్తున్నారు. అడిగితే, "మా నాన్నగారి ఊరు అక్కడే బాబూ, పుల్లారెడ్డిగూడెం" అన్నారు. ఆయన చూపించిన చోట నీళ్లు తప్ప ఏమీ లేవు. "వెళ్లిపొమ్మన్నారు, వచ్చేశాం. చైత్యాన్ని పైకి తెచ్చుకున్నారు, మా గంగానమ్మ గుడిని ఎవరు తెస్తారు?" అని నవ్వారు. ఏమనాలో తెలీక ఊరుకున్నాను.

ఎందుకంటే మా అమ్మ పుట్టిల్లు సత్తెనపల్లి దగ్గర. కుడికాలువ రాకముందు మా తాతగారి పొలంలో జొన్న పండితే పండినట్టు, లేకపోతే లేదు. కాలువొచ్చాక వరి వేశారు, తర్వాత పత్తి, మిరప. నా బీటెక్ మొదటి ఏడాది ఫీజు కట్టింది ఆ మిరపకాయల డబ్బులతోనే. అంటే ఆ పెద్దాయన ఊరు మునిగిన నీళ్లతో నేను ఇంజనీర్నయ్యాను. డ్యాం కట్టకుండా ఉండాల్సింది అనే హక్కు నాకు లేదు, అనను కూడా. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ లెక్క వేసుకోలేదే అన్నది మాత్రం గుచ్చుకుంది.

ఆ తర్వాత శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. ఇప్పుడు గోదావరి మీద పోలవరం. గుళ్లనీ శిల్పాలనీ ఎలా తరలించాలో మనకి బాగానే తెలుసు. మనుషుల ఊళ్లని ఎలా గుర్తుపెట్టుకోవాలో ఇంకా నేర్చుకోలేదనిపిస్తుంది.

ఈసారి సెలవుకి ఊరెళ్తే గేట్లు ఎత్తారా లేదా అని మాత్రమే కనుక్కోకండి. లాంచీ ఎక్కి కొండకి వెళ్లండి. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటుంది, దాని ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. తిరుగు ప్రయాణంలో పక్కన పెద్దవాళ్లెవరైనా ఉంటే, మీదే ఊరని అడగండి.