పటాన్‌చెరు నీరు: ఒక దర్యాప్తు చరిత్ర

ఉపోద్ఘాతం

నీటివల్ల వచ్చే వ్యాధి అనగానే మనకు కలరా గుర్తుకు వస్తుంది. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు, మరణాలు ఒక వీధి పంపు చుట్టూ గుమికూడి ఉన్నాయని డాక్టర్ జాన్ స్నో చూపాడు. అధికారులు ఆ పంపు పిడిని తొలగించారు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి పలువురు మరణించారు. ఈ రెండు సందర్భాల్లోనూ కలుషిత నీటికీ జబ్బుకూ మధ్య వ్యవధి కొద్ది రోజులే. పటాన్‌చెరులో ఆ వ్యవధిని దశాబ్దాల్లో లెక్కించాలి. అందువల్ల ఇక్కడ దర్యాప్తు వేరే దారిలో సాగింది.

పరిశ్రమల రాక

వెనుకబడిన మెదక్ జిల్లాను అభివృద్ధి చేసే ఉద్దేశంతో 1970ల మధ్యలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ ఏర్పడింది. క్రమంగా పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వరకు పరిశ్రమలు విస్తరించాయి. ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ కర్మాగారంలో అనుభవం గడించినవారు కొందరు సొంతంగా బల్క్ డ్రగ్ పరిశ్రమలు పెట్టారు. జల కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. కాబట్టి లోపం చట్టం లేకపోవడంలో లేదు, దాని అమలులో ఉంది. వ్యర్థజలాలు కుంటల్లోకి, వాగుల్లోకి, నక్కవాగు ద్వారా మంజీరలోకి చేరాయి. బావులకు ఊట ఇచ్చే చెరువులూ వాగులే వాటికి విషాన్నీ మోసుకువచ్చాయి.

తొలి సాక్షులు

కాలుష్యాన్ని మొదట గుర్తించింది ప్రయోగశాలలు కావు, రైతులు. పైరు ఎండటం, చేపలు చావడం, బావినీటి రంగు మారడం వారు కళ్లారా చూశారు. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ ఎ. కిషన్‌రావు వంటివారు ఈ సమస్యను ప్రజల ముందుకు తెచ్చారు. 1990లో దాఖలైన వ్యాజ్యం సుప్రీంకోర్టులో నడిచి, 2001లో హైకోర్టుకు, అనంతరం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది. పొలం నష్టాన్ని ఎకరాల్లో లెక్కకట్టవచ్చు. శరీరానికి జరిగిన నష్టాన్ని లెక్కించాలంటే పరిశ్రమలు రాకముందు ఆ ఊళ్లలో ఆరోగ్యం ఎలా ఉండేదో తెలియాలి.

ప్రయోగశాల సాక్ష్యం

ఆ లోటును పూరించడానికి 2004లో గ్రీన్‌పీస్ సంస్థ కాలుష్యం సోకిన గ్రామాలను, సోకని గ్రామాలతో పోల్చింది. మొదటి వాటిలో జబ్బులు ఎక్కువని తెలిపింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ బయటపడింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత మోతాదు ఉండదు. 2009లో ప్రచురితమైన మరో పరిశోధనలో, పరీక్షించిన గ్రామాల బావులన్నింటిలోనూ మందుల ఆనవాళ్లు కనిపించాయి. ఇలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఒక్క ఊరికే పరిమితం కాదు.

ముగింపు

ఇక్కడ రెండు ప్రశ్నలను విడిగా చూడాలి. నీరు కలుషితమైందా? అయిందని తేలింది. ఫలానా వ్యక్తికి ఫలానా జబ్బు ఫలానా కర్మాగారం వల్లే వచ్చిందా? దీన్ని రుజువు చేయడం చాలా కష్టం. ఎన్నో రసాయనాలు, ఎన్నో పరిశ్రమలు, ఎన్నో ఏళ్లు కలిసిపోయాయి. రెండో ప్రశ్నకు జవాబు దొరికేదాకా మొదటిదానిపై చర్య ఆపితే, ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఆ నీరు తాగేవారే. పంపు పిడి తీసేనాటికి కలరా క్రిమి ఏదో లండన్ అధికారులకు తెలియదు. రాబర్ట్ కాఖ్ దాన్ని నిర్ధారించింది సుమారు 30 ఏళ్ల తర్వాత.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ఊరి తాగునీటి వనరు గత 40 ఏళ్లలో ఎలా మారింది? పెద్దలను అడిగి, వారు చెప్పిన సంగతులను కాలక్రమంలో రాయండి.