తాతయ్య కోరంగి

మా ఇంటి వసారాలో పాత అచ్చుబొమ్మ ఒకటి ఉండేది. తెరచాపలు దించిన మూడు ఓడలు, ఒడ్డున పడవలు, వెనక కొండ. "అది కోరంగిరా" అనేవాడు తాతయ్య. పెద్దయ్యాక వెళ్లి చూశాను. కోరంగిలో కొండెక్కడిది? కనుచూపు మేర మడ అడవి, బురద, గోదారి పాయ. బొమ్మ ఏ ఊరిదో గానీ కోరంగిది మాత్రం కాదు.

అలాంటి ఓడలకు మాత్రం కోరంగి పుట్టిల్లే. కలకత్తాకీ తిరుకోణమలైకీ మధ్య పెద్ద ఓడను బాగుచేయగల రేవు ఇదొక్కటే అని పేరు. ఎబెనీజర్ రోబక్ అనే ఆయన కట్టించిన డాక్‌లోకి 1802లో ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక వచ్చింది. పోటు మీద ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లు తోడేస్తే అడుగు బయటపడుతుంది. అప్పుడిక వడ్రంగులదే రాజ్యం. పక్కనే ఉన్న తాళ్లరేవులో ఆ విద్య ఇంకా బతికే ఉంది, కొయ్య పడవలు కడుతూనే ఉన్నారు.

1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరసగా వచ్చి ఊరిని తుడిచిపెట్టాయి. 1839 నవంబరులో మళ్లీ ఉప్పెన. ఆ రెండోసారి మూడు లక్షలమంది పోయారని రాస్తుంటారు. అంత లెక్క నాకు నమ్మబుద్ధి కాదు. ఊరిని ముంచింది సముద్రమే. రేవును చంపింది మాత్రం గోదారి అని నేననుకుంటాను. ఏటేటా ఒండ్రు తెచ్చి ముఖద్వారంలో మేట వేసింది. ఓడలు కాకినాడకు మళ్లాయి.

తాతయ్యది కోరంగి కాదు, కోనసీమ లంక. కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ముందు తరాలవాళ్లు ఓడెక్కింది కోరంగిలో కాబట్టి, బర్మాలో తెలుగువాళ్లందరికీ ఆ పేరే: కోరంగీలు. 1930 మేలో రంగూన్ రేవులో మన కూలీలు సమ్మె కట్టారు. సమ్మె ముగిసి వాళ్లు తిరిగి పనిలోకి వస్తే, మధ్యలో పెట్టుకున్న బర్మా కూలీలకు పని పోయింది. కొట్లాట రేగి మనవాళ్లు ఎందరో చచ్చిపోయారు. తాతయ్య మిల్లు గోదాములో ఊక బస్తాల వెనక దాక్కున్నాడట. వీధిలో కోరంగీలెక్కడ అని అరుచుకుంటూ తిరుగుతున్నారట.

తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో ఈ బొమ్మ ఉంది. రంగూన్ బజారులో కోరంగి అని చెప్పి అమ్మితే కొన్నాడు. ఆ పేరు మోసినందుకు ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి, ఆ ఊరెలా ఉంటుందో చూసుకుందామనుకున్నాడు.