సాయిసు చేతి చలువ

గుఱ్ఱమనగానే మన చరిత్రకారులకు యుద్ధమే జ్ఞప్తికి వచ్చును. ఎవడెక్కెను, ఎక్కడ దూకించెను, ఎంత ధనమిచ్చి కొనెను, ఇంతవఱకు వ్రాసి విడిచిరి. చెమటతో లాయమునకు మరలిన ఆ గుఱ్ఱమును భుజము మొదలు తొడలవఱకు పిసికి, రుద్ది, మఱునాటికి మరల నిలువబెట్టిన సాయిసు మాట ఎవ్వరును వ్రాయలేదు. పెద్దలారా! నేడు నేను ముచ్చటింపబోవునది వాని మాలీసును గూర్చియే.

మా మదనపల్లె ప్రాంతమున గుఱ్ఱము పేరు కొండకే కలదు. గుఱ్ఱంకొండ దుర్గమునకు ఒక గుఱ్ఱము కాపుండెననియు, అది యున్నంతకాలము దుర్గము శత్రువులకు లొంగదనియు ఐతిహ్యము. ఒక మరాటా దొంగ కొండచఱియ నెగబ్రాకి దానిని హరించెనట. పట్టుబడి రెండు చేతులను గోల్పోయెనట. అయినను గుఱ్ఱము పోయెను గనుక పిమ్మటి ముట్టడిలో దుర్గమును పోయెను. కథ కల్లయే కానిండు. రాతిగోడకంటె గుఱ్ఱమే బలమని ఈ సీమవారు తలచిరనుట మాత్రము కల్ల కాదు.

అంత విలువ యేల? మేలుజాతి గుఱ్ఱము మన నేలమీద పుట్టినది కాదు. అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై రావలెను. పదుమూడవ శతాబ్దాంతమున వచ్చిన మార్కోపోలో, కుప్పము కనుమలు దిగిన తరువాతి తమిళదేశమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొందురనియు, సాకుట తెలియనందున ఏడాది తిరుగునప్పటికి బహుకొద్ది మాత్రమే మిగులుననియు చెప్పెను. గుఱ్ఱపు వైద్యులను ఇటు రానిచ్చినచో బేరము తగ్గునని వర్తకులు వారిని రానీయరట! బంగారము పోసి కొన్నది చేతి పనితనము లేక మన్నుపాలైనది.

విజయనగరమువారు ఆ పాఠము నేర్చినట్లున్నారు. అచ్యుతరాయల నాటి పోర్చుగీసువాడు నూనిజ్, రాజు ఏటికి 13,000 గుఱ్ఱములను కొనుననుటతో ఆగక, గుఱ్ఱములను కనిపెట్టుటకు 1,600 మంది సేవకులును, శిక్ష చెప్పుటకు 300 మందియు నుండిరని లెక్క వ్రాసెను. 1565 తరువాత రాజధాని పెనుగొండకును, అటుపై చంద్రగిరికిని తరలగా మదనపల్లె, పుంగనూరుల సీమ ఆ రెంటి నడుమ బడెను. పుంగనూరనిన నేడు పొట్టియావులే తోచును గాని, పాళెగాండ్రకు లాయములు లేకుండ జరుగలేదు. హైదరలీ దండులు వచ్చెను. 1791లో నిజాము సేన గుఱ్ఱంకొండను ముట్టడించెను. కుప్పమునకు పడమటనున్న హోసూరులో ఇంగ్లీషువారు సైన్యపు గుఱ్ఱములకు శాల పెట్టిరి. దొరలు మాఱిరి గాని ఉలవలు మాఱలేదు, గొరపము మాఱలేదు, మాలీసు మాఱలేదు.

ఇది నీచపు పని యనుకొనువారు ద్రోణపర్వము తిరుగవేయవలెను. సైంధవుని వధకై పోవుచు నడుమ గుఱ్ఱములు డస్సినపుడు అర్జునుడు బాణముతో కొలను కల్పించెను. శ్రీకృష్ణుడు కాడి విప్పి, గ్రుచ్చుకొన్న అమ్ములు పెఱికి, తన రెండుచేతులతో వాని మేనులు నిమిరి, పొరలించి, నీరు త్రాపెను. క్రమము చూడుడు: ముందు గాయము, పిదప చేయి, ఆ పిదప నీరు.

ఈ క్రమమునే నేను చిన్ననాట మదనపల్లెలో ఒక జట్కా సాయిబునందు చూచితిని. బండి విప్పగానే రుద్దెడివాడు కాడు. చెమట ఆఱువఱకు నడిపించి, వరిగడ్డిచుట్టతో తుడిచి, గొరపము వేసి, అప్పుడు అఱచేతితో భుజమును పట్టెడివాడు. గుఱ్ఱమునకు మనకువలె మెడక్రింది అడ్డయెముక లేదు. ముంగాళ్లకును మొండెమునకును ఎముకల కీలు లేదు. కండలే ఊయలవలె బరువును మోయును. కావున భుజమునకు బిగిపట్టు కావలెను. మోకాలి క్రింద కండ యుండదు, స్నాయువులే. అక్కడ నువ్వులనూనెతో మెత్తగా పైకి నిమిరెడివాడు. వేడియో వాపో తగిలెనా, కుంటు కనబడకముందే మఱునాడు బండి కట్టెడివాడు కాడు.

రుద్దరాని సమయమును ఎఱుగుట రుద్దుటకంటె గొప్ప విద్య. ఒక పండుగకు రెండు దినములు పని లేక, ఉలవలు మాత్రము తగ్గింపక మేపిన గుఱ్ఱము మూడవనాడు వీధిలో నిలిచిపోయెను. తొడలు కఱ్ఱవలె బిగిసెను. మూత్రము కాఫీ కషాయమువలె నుండెను. మూగినవారందఱును రుద్దుమనిరి. సాయిబు చేయి వేయలేదు, అడుగు వేయింపలేదు. అక్కడనే కంబళి కప్పి, నీళ్లు పెట్టి, పశువైద్యునికి కబురంపెను. ఇంగ్లీషువారు దీనిని సోమవారపు జబ్బనిరి, ఆదివారపు విశ్రాంతి తరువాత వచ్చుటచేత. కండ చితికి దాని రంగు మూత్రమున దిగును. నడిపించిన మూత్రపిండములే చెడును. నేటి వైద్యులును ముందుగా చెప్పునది కదలింపవలదనియే.

మన తెనుగున మనుమంచిభట్టు హయలక్షణశాస్త్రము చెప్పెను. సంస్కృతమున శాలిహోత్రుని పేరను, నకులుని పేరను గ్రంథములున్నవి. నేను వానిని చదివినవాడను. ఉపాధ్యాయుడనైన పిమ్మట ఆ గర్వముతోనే ఒకనాడు సాయిబు నడిగితిని, నీ విద్యను చెప్పుము, వ్రాసికొందునని. అతడు నవ్వి, "రాసుకొనేదానికి ఏముంది అయ్యోరూ, రాత్రికి రాండి, మీ చేయి పట్టి రుద్ది చూపిస్తా" ననెను.

ఆ రాత్రి పరీక్షాపత్రములు దిద్దవలసి యుండెను. నేను పోలేదు. ఆటోలు వచ్చెను; మఱుసటి సంక్రాంతికి అతడు గుఱ్ఱము నమ్మివేసెను.