తులంబెన్ లిబర్టీ ఓడ శిథిలం

ఇండొనేసియాలోని బాలి ద్వీపం ఈశాన్య తీరాన, కరంగాసెం జిల్లాలో తులంబెన్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ ఊరి ఒడ్డుకు సుమారు 30 మీటర్ల దూరంలో, సముద్రంలో ఒక పక్కకు ఒరిగి ఉన్న అమెరికా సరకుల ఓడ శిథిలమే యు.ఎస్.ఎ.టి. లిబర్టీ. దాదాపు 125 మీటర్ల పొడవున్న ఈ ఓడ పైఅంచు 5 మీటర్ల లోతులో కనిపిస్తుంది. అడుగుభాగం సుమారు 30 మీటర్ల లోతున నల్లని ఇసుకలో ఆని ఉంది. ప్రపంచంలో స్కూబా డైవర్లు ఎక్కువగా చూసే ఓడ శిథిలాల్లో ఇదొకటి. ఒంటినిండా పగడాలు అల్లుకుపోవడంతో ఇది ఓడ శిథిలంగానే కాక పగడపు దిబ్బగా కూడా పేరు తెచ్చుకుంది.

ఈ ఓడ పేరు విషయంలో రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. 1967లో ఇజ్రాయెల్ దాడికి గురైన అమెరికా నౌకాదళ నౌక యు.ఎస్.ఎస్. లిబర్టీ వేరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వేల సంఖ్యలో కట్టిన ‘లిబర్టీ షిప్పుల’ తరగతి వేరు. తులంబెన్ ఓడ ఆ రెండింటి కంటే పాతది, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది.

ఓడ పుట్టుక, టార్పెడో దెబ్బ

న్యూజెర్సీ రాష్ట్రంలోని కెర్నీలో ఫెడరల్ షిప్‌బిల్డింగ్ సంస్థ దీన్ని నిర్మించి 1918లో నీటిలోకి దింపింది. అదే ఏడాది అక్టోబరులో ఇది అమెరికా నౌకాదళ సేవలో చేరింది. ఆ తరువాత చాలా ఏళ్లు మామూలు వాణిజ్య నౌకగా సరకులు మోసింది. 1940లో అమెరికా సైన్యం దీన్ని రవాణా పనులకు తీసుకుంది. పేరు ముందున్న యు.ఎస్.ఎ.టి. అంటే అమెరికా సైనిక రవాణా నౌక అని.

1942 జనవరి 11న రైలు సామగ్రి, ముడి రబ్బరు నింపుకొని ఆస్ట్రేలియా నుంచి ఫిలిప్పీన్స్‌కు వెళ్తుండగా, లొంబోక్ జలసంధికి దగ్గరలో ఒక జపాన్ జలాంతర్గామి టార్పెడోతో దీన్ని కొట్టింది. ఆ జలాంతర్గామి అప్పటి పేరు ఐ-66. తరువాత కొన్ని నెలలకే పేరు ఐ-166గా మారినందువల్ల చాలా పుస్తకాల్లో ఆ రెండో పేరే కనిపిస్తుంది. 1944 జులైలో మలక్కా జలసంధిలో బ్రిటిష్ జలాంతర్గామి టెలిమాకస్ దాన్ని ముంచేసింది.

దెబ్బతిన్న లిబర్టీ వెంటనే మునగలేదు. అమెరికా యుద్ధనౌక పాల్ జోన్స్, డచ్చి యుద్ధనౌక వాన్ గెంట్ కలిసి దాన్ని బాలి ఉత్తర తీరంలోని సింగరాజా రేవు వైపు లాగసాగాయి. అప్పట్లో ఆ ద్వీపంలో డచ్చివారి పాలనా కేంద్రం సింగరాజాయే. దారిలో ఓడలోకి నీరు చేరడం ఎక్కువైంది. రేవు దాకా నిలవదని తేలాక, కనీసం సరకైనా దక్కుతుందని తులంబెన్ దగ్గర ఒడ్డుకెక్కించారు. లాగిన రెండు నౌకల్లో వాన్ గెంట్ కథ కూడా ఎక్కువ కాలం సాగలేదు. నెల తరువాత గాస్పర్ జలసంధిలో అది ఒక దిబ్బకు తగిలి ఇరుక్కుపోయింది. శత్రువుకు చిక్కకూడదని డచ్చివారే దాన్ని ధ్వంసం చేశారు.

లిబర్టీని మరమ్మతు చేసే వ్యవధి ఎవరికీ దొరకలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. ఆ వారంలోనే జపాన్ సేనలు బాలిలో దిగాయి. ఒడ్డున నిలిచిపోయిన ఓడలోంచి సరకును, పనికొచ్చే సామాన్లను విప్పి తీసుకుపోయారు. యుద్ధం ముగిసింది, ఇండొనేసియా స్వతంత్ర దేశమైంది, ఆ ఇనుప డొల్ల మాత్రం ఇరవై ఏళ్లకు పైగా ఆ గులకరాళ్ల తీరం మీదే ఉండిపోయింది.

ఏకాదశ రుద్రం జరుగుతుండగా

ఓడను మళ్లీ కడలిలోకి నెట్టింది గునుంగ్ ఆగుంగ్. 3,000 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ అగ్నిపర్వతం బాలి హిందువులకు పరమ పవిత్రమైన కొండ. దాని వాలులోనే బెసాకి మాతృ దేవాలయం ఉంది. నూరేళ్లకోసారి చేయవలసిన ‘ఏకాదశ రుద్ర’ మహాక్రతువుకు 1963లో ఆ ఆలయంలో సన్నాహాలు సాగుతున్నాయి. పదకొండు దిక్కుల రుద్రులను శాంతింపజేసే ఆ క్రతువు పేరు మన శివాలయాల్లో ఏకాదశ రుద్రాభిషేకం చూసిన తెలుగువారికి పరిచయమైనదే. ఫిబ్రవరి 18న కొండ రగలడం మొదలైంది. మార్చి 17న బద్దలైంది. లావా కంటే కూడా వాలు వెంట దూసుకొచ్చిన మరిగే బూడిద మేఘాలు, బురద ప్రవాహాలు ఎక్కువ ప్రాణాలు తీశాయి. చనిపోయినవారు వెయ్యికి పైనే. విస్ఫోటనంలో ఎగసిన గంధకపు ధూళి ఆకాశపు పైపొరల్లో పరుచుకుని, భూగోళాన్ని కొద్దిగా చల్లబరిచింది కూడా. ఆ క్రతువును బాలివారు 1979లో మళ్లీ సంపూర్ణంగా జరిపారు.

తులంబెన్ ఆ కొండ కిందనే ఉంది. 1963 నాటి ప్రకంపనల ధాటికి ఓడ గులకరాళ్ల మీది నుంచి జారి, తీరానికి సమాంతరంగా ఇసుక వాలులో పడి ఆగింది. లోతుకు జారిపోకుండా, విరిగి చెల్లాచెదురు కాకుండా, సరిగ్గా సూర్యకాంతి అందే లోతులో నిలవడం అరుదైన సంగతి. ఊరిని బుగ్గి చేసిన ఉపద్రవమే ఆ ఊరికి తరువాతి తరాల బతుకుతెరువు చూపింది. ఈ శిథిలం గురించి రాసేటప్పుడు ఆ మృతులను తలచుకోకుండా పగడాల అందం మాత్రమే వర్ణించడం న్యాయం కాదు.

ఉక్కు మీద పగడం

పగడపు లార్వాలు నీటిలో కొట్టుకుపోతూ, అతుక్కోవడానికి గట్టి ఆధారం వెతుక్కుంటాయి. తులంబెన్ నల్ల ఇసుక అలలకు కదిలిపోతుంటుంది కాబట్టి దాని మీద అవి నిలదొక్కుకోలేవు. ఆ ఇసుక మధ్య ఒక్కసారిగా నూరు మీటర్లకు పైబడిన ఉక్కు గోడ వచ్చి పడింది. దానికి తోడు లొంబోక్ జలసంధి గుండా పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి సాగే ప్రవాహం ఆహారాన్ని, లార్వాలను మోసుకొస్తుంది. పగడాల వైవిధ్యంలో ప్రపంచానికే తలమానికమైన పగడాల త్రిభుజ ప్రాంతంలో ఈ తీరం ఉంది.

వెలుగు బాగా అందే పైభాగంలో రాతి పగడాలు పెరిగాయి. వాటి కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలకు సూర్యకాంతి కావాలి, పగడానికి కావలసిన తిండిలో అధికభాగం అవే వండిపెడతాయి. కింది నీడల్లో మెత్తని పగడాలు, స్పంజికలు, విసనకర్రలా విచ్చుకున్న సముద్ర ఫ్యానులు ఉంటాయి. ఆ ఫ్యాను కొమ్మల్లో 2 సెంటీమీటర్లైనా లేని పిగ్మీ సముద్ర గుర్రాలు ఒంటిమీది బొడిపెలతో సహా కొమ్మ రంగులోనే కలిసిపోయి ఉంటాయి. గైడ్ వేలితో చూపినా కళ్లకు ఆనడానికి సమయం పడుతుంది. ఓడ చుట్టూ పార చేపలు వేలాదిగా గుంపుకట్టి సుడి తిరుగుతాయి. ఇసుకలో తోట ఈల్స్ సగం ఒళ్లు బయటపెట్టి ఊగుతూ, మనిషి దగ్గరికి రాగానే ఒకేసారి బొరియల్లోకి దిగిపోతాయి.

అన్నిటికంటే పేరున్నవి నుదుట బొడిపె ఉన్న పెద్ద చిలుక చేపలు. 1.3 మీటర్ల దాకా పెరిగే ఇవి రాత్రిపూట ఓడ డొల్లలో నిద్రపోయి, తెల్లవారుతుండగా గుంపుగా బయటికొస్తాయి. పగడాన్ని పళ్లతో కొరికి నమిలి, అరగని సున్నాన్ని తెల్లని ఇసుకగా వదులుతాయి. ఎదిగిన ఒక్కో చేప ఏడాదికి 5 టన్నులకు పైగా పగడం తింటుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

సహజమైన పగడపు దిబ్బలకు పుట్టిన తేదీ ఉండదు, అవి వేల ఏళ్లలో పేరుకున్నవి. లిబర్టీ మీది దిబ్బకు మాత్రం పుట్టిన ఏడాది తెలుసు. అనువైన చోట గట్టి ఆధారం దొరికితే ఒక మనిషి జీవితకాలంలో ఎంత దిబ్బ తయారవుతుందో కళ్లకు కట్టే ఉదాహరణ ఇది.

డైవింగ్

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్‌తో మామూలు మనుషులు కూడా నీటి అడుగున తిరగగలిగే వీలు కలిగింది. బాలిలో పర్యాటకం విస్తరించాక ఆ వీలు తులంబెన్‌కూ చేరింది. పడవ అక్కర్లేకుండా ఒడ్డు నుంచి నడిచి నీటిలోకి దిగి, కొద్ది నిమిషాల్లో ఓడ దగ్గరికి చేరవచ్చు. కొత్తగా నేర్చినవారికి సాధారణంగా 18 మీటర్లు, అనుభవజ్ఞులకు 40 మీటర్లు వినోద డైవింగ్ హద్దులు. ఈ ఓడ చాలావరకు వీరికీ వారికీ అందే లోతులోనే ఉంది.

డైవర్ వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని మన పత్రికలు తరచుగా రాస్తాయి. అది సరికాదు. అందులో ఉండేది 200 బార్ల దాకా ఒత్తిడితో నింపిన మామూలు గాలి. శుద్ధ ఆక్సిజన్ పీలుస్తూ ఆరేడు మీటర్ల కంటే కిందికి వెళ్తే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల లోతున పీడనం ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. అక్కడ గాలి కూడా అంతే వేగంగా ఖర్చవుతుంది, నత్రజని ఎక్కువగా రక్తంలో కరుగుతుంది. తొందరపడి పైకొస్తే ఆ నత్రజని బుడగలు కట్టి కీళ్లను, నరాలను దెబ్బతీస్తుంది. అందుకే 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి మరీ పైకొస్తారు. ఇక్కడ ఓడ పైఅంచున పగడాలు చూస్తూనే ఆ ఆగడం పూర్తవుతుంది.

సిలిండర్లను ఒడ్డుకు చేర్చేది తులంబెన్ మహిళలు. నింపిన సిలిండర్ ఒక్కోటి 15 కిలోలకు పైనే ఉంటుంది. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, ఒక్కోసారి రెండేసి మోస్తూ, ఖాళీ చేతులతో నడిచేవాళ్లే తూలిపోయే గుండ్రాళ్ల మీద తడబడకుండా నడుస్తారు. ఈ తీరం పేరు ప్రపంచమంతా వ్యాపించడంలో వారి కష్టం పెద్దది. పర్యాటకుల కరపత్రాల్లో దానికి దక్కే చోటు చాలా తక్కువ. 2017లో ఆగుంగ్ మళ్లీ రగిలి, తులంబెన్ ఉన్న కుబు ప్రాంతపు గ్రామాలు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, ఆ తరువాత కోవిడ్ కాలంలో, పర్యాటకం ఆగిపోయి వీరి సంపాదన పడిపోయింది.

ముందున్న ముప్పు

సముద్రపు నీటిలో ఉక్కు ఏడాదికి సుమారు పదోవంతు మిల్లీమీటరు మేర తరిగిపోతుంది. ఓడ రేకులు ఇప్పటికే పలుచబడ్డాయి, కొన్ని భాగాలు కూలాయి. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారడం మరో బెడద. 1998లో, 2016లో వచ్చిన వేడి వెల్లువలు ప్రపంచమంతటి దిబ్బలను పీడించాయి. వీటిని ఒక గ్రామం ఆపలేదు. కానీ మూడో ముప్పు డైవర్ల చేతుల్లోనే ఉంది. దక్షిణ బాలి నుంచి బస్సుల్లో వచ్చేవారితో పొద్దెక్కేసరికి ఓడ చుట్టూ రద్దీ పెరుగుతుంది. నీటిలో తేలుడును అదుపు చేసుకోలేని డైవర్ కాలి ఫిన్ను ఒక్కసారి తాకినా ఇరవై ఏళ్ల పగడం విరిగిపోవచ్చు.

చూడబోయేవారు ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య వెళ్లడం మంచిది. డిసెంబరు నుంచి వానలకు, అలలకు నీరు మసకబారుతుంది. ముందురోజే తులంబెన్‌లో బస చేసి, తెల్లవారుజామున ఊరి గైడ్‌తో దిగండి. నీటిలో తేలుడు అదుపు చేసుకోవడం ముందే నేర్చుకుని వెళ్లండి. రేకుల మధ్య దూరకండి, దేన్నీ పట్టుకోకండి, సిలిండర్ మోసిన మనిషికి కూలి ఇవ్వడం మరిచిపోకండి.